సన్‌షేడ్ పెచ్చు ఊడి మీద పడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది కావలి. కార్తీకమాసంలో వాన పడుతుంటే మా అమ్మ బజారులో ఒక షాపు సన్‌షేడ్ కింద నిలబడింది. పెద్ద పెచ్చు ఊడి మీద పడి భుజం ఎముక విరిగింది. టైలరింగ్ చేసే మనిషి, మూడు నెలలుగా కత్తెర పట్టలేకపోతోంది. బిల్డింగ్ ఓనరేమో "వానకి పడింది, నేనేం చేసేది? ఆవిడ షాపుకొచ్చిన కస్టమరూ కాదు. అయినా షాపు అద్దెకిచ్చాను, వాళ్లనడగండి" అంటున్నారు. పది వేలిస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. ముందు ఆ సంతకం మాత్రం పెట్టకండి.

కస్టమర్ కాదన్న వాదన పాతబడిపోయింది. స్నేహితురాలు కొనిపెట్టిన జింజర్ బీర్ తాగుతుంటే సీసాలో నత్త కనిపించిందని ఒకావిడ వేసిన కేసులో, 1932లోనే లండన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా పై కోర్టు) ఆ సంగతి తేల్చింది. డబ్బు ఎవరిచ్చారన్నది కాదు, మన అజాగ్రత్త వల్ల ఎవరికి దెబ్బ తగలొచ్చో ముందే ఊహించగలమా అన్నదే ప్రశ్న. బజారులో సన్‌షేడ్ కింద జనం నిలబడతారని ఊహించడానికి లా చదవాలా?

మీకు అసలు అండ 1966 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఢిల్లీ చాందినీచౌక్‌లో మునిసిపాలిటీ గడియారస్తంభం కూలి మనుషులు చనిపోయారు. కట్టి 80 ఏళ్లయింది, వాడిన సున్నానికి ఆయుష్షు 40, 45 ఏళ్లే. లోపం పైకి కనిపించకపోయినా, రోడ్డు పక్క కట్టడాన్ని ఎప్పటికప్పుడు పరీక్ష చేయించుకోవాల్సింది ఓనరేనని కోర్టు చెప్పింది. కాబట్టి అద్దెకిచ్చానని తప్పించుకోవడం కష్టం. అయినా దావాలో అద్దెదారుణ్ణి కూడా చేర్చండి, ఒకరి మీద ఒకరు తోసుకుంటే కోర్టే తేలుస్తుంది. ఇక వాన సంగతి. కార్తీకంలో నెల్లూరు జిల్లాలో వాన పడితే దైవఘటన అంటే ఏ జడ్జీ ఒప్పుకోరు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పెచ్చు ఊడినచోట తుప్పుపట్టిన ఇనుప ఊచలు బయటికి కనిపిస్తుంటాయి. వాళ్లు సిమెంటు పూసేలోపు తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, అమ్మ కుట్టుపని లెక్కల పుస్తకం భద్రంగా పెట్టండి. పడినప్పుడు చూసినవాళ్లెవరో రాసుకోండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వచ్చు గానీ, పోయిన రాబడికి పరిహారం కావాలంటే సివిల్ దావా వేయాల్సిందే. గడువు మూడేళ్లు. ఖర్చు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అమ్మ పేరుతో దరఖాస్తు ఇవ్వండి. లాయర్ని వాళ్లే పెడతారు.