డాక్టర్ ఫోన్లో చెప్తే నైట్ డ్యూటీలో ఐవీ ఇంజెక్షన్ ఇచ్చెయ్యొచ్చా? ఏమన్నా అయితే ఎవరి మీదకొస్తుంది?

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయి మూడు నెలలైంది, ప్రైవేట్ హాస్పిటల్లో నైట్ వార్డుకి ఒక్కదాన్నే, డాక్టర్ గారు ఫోన్లో చెప్తారు నేను ఐవీ (నరంలోకి ఇంజెక్షన్) ఇచ్చేస్తా, రేపు ఏమన్నా అయితే కేసు నా మీదకొస్తుందా అని అడిగావు కదా చెల్లీ. వస్తుందమ్మా. డాక్టర్ మీదకీ రావచ్చు, హాస్పిటల్ మీదకీ వస్తుంది, నీ మీదకీ వస్తుంది. నిన్ను భయపెడదామని కాదు, గుంటూరు వైపు పందొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ఇప్పుడు మెడికల్ వార్డు ఇన్‌ఛార్జిని, నేను ఉద్యోగంలో చేరిన రోజే నాకు ఈ సంగతి ఎవరన్నా కూర్చోబెట్టి చెప్పుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటా.

నేను చేరిన కొత్తలో ఒక నైట్, మోషన్లతో అడ్మిట్ అయిన ఒక పెద్దాయన రిపోర్టు పదకొండింటికి వచ్చింది, పొటాషియం 2.6, బాగా తక్కువ. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే నిద్రమత్తులోనే "కేసీఎల్ ఒక యాంపుల్ పెట్టెయ్యండి సిస్టర్" అని ఫోన్ పెట్టేశారు. కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్. ఎలా పెట్టాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు, అడిగితే దీనికేం రాదు అనుకుంటారని. యాంపుల్ విరిచి పది ఎంఎల్ సిరంజిలోకి లాగి, నరానికి పెట్టిన క్యాన్యులా దగ్గర స్పిరిట్ దూదితో తుడిచి ఇంక ఎక్కించబోతున్నా, పక్క వార్డు నుంచి ప్లాస్టర్ కోసం వచ్చిన సీనియర్ సిస్టర్ "ఏంటమ్మా అది" అంది. కేసీఎల్ అండీ అన్నా. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా నా మణికట్టు పట్టుకుని సిరంజి తీసుకుని ట్రేలో పెట్టింది. బయటికి తీసుకెళ్లి అప్పుడు చెప్పింది, ఆ పది ఎంఎల్‌లో 20 ఎంఈక్యూ (పొటాషియం కొలిచే లెక్క) ఉంటుంది, అది నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది, ఛాతీ మీద నొక్కినా వెనక్కి రాదు అని. ఆయన నా కళ్ల ముందే దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు, ఆయన భార్య కింద చాప మీద నిద్రపోతోంది. నాకు కాళ్లు వణికాయి.

తర్వాత ఆవిడే డాక్టర్‌కి మళ్లీ ఫోన్ చేసి డోసు, ఎందులో కలపాలి, ఎంతసేపట్లో అని మూడూ అడిగి, ఆయన చెప్పింది తిరిగి ఆయనకే చదివి వినిపించి, నాతో కొత్త 500 ఎంఎల్ ఎన్ఎస్ (సెలైన్) బాటిల్ తీయించి కలిపించింది. వేలాడుతున్న బాటిల్లో కలపనివ్వలేదు. కేసీఎల్ బరువు, అడుక్కి దిగిపోతుంది, అప్పుడు మొదటి కాసేపట్లోనే చిక్కగా వెళ్లిపోతుంది, అందుకని కొత్త బాటిల్లో వేసి పదిసార్లు తలకిందులుగా తిప్పాలి. మందు పేరు, ఎంత, ఎన్నింటికి, ఎవరు కలిపారు అని లేబుల్ రాసి అంటించాలి. నాలుగు గంటలకి 500 అంటే గంటకి 125 ఎంఎల్, ఎంఎల్‌కి ఇరవై చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి 42 చుక్కలు, వాచీ చూసి లెక్కపెట్టించింది. పిల్లలకి వాడే మైక్రో సెట్ అయితే ఎంఎల్‌కి 60 చుక్కలు, కాబట్టి సెట్ కవర్ మీద చూడకుండా చుక్కలు పెట్టొద్దు.

ఇంక చట్టం సంగతి. నర్సు ఐవీ ఇవ్వచ్చు అని ఒక సెక్షన్ చూపించమంటే చూపించలేం. నీకు ఆ హక్కు మూడు చోట్ల నుంచి కలిపి వస్తుంది, స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో నీ పేరు ఉండటం, నువ్వు చదివిన సిలబస్‌లో అది ఉండి నువ్వు నేర్చుకుని ఉండటం, ఆ పేషెంట్‌కి డాక్టర్ ఆర్డర్ ఉండటం. హాస్పిటల్‌కి రాతపూర్వకంగా పాలసీ ఉంటే ఇంకా మంచిది. ఆ మూడిట్లో ఒకటి లేకపోయినా నువ్వు గాల్లో నిలబడినట్టే. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకోవచ్చులే అని జాయిన్ అయిపోయేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, నువ్వు అలా ఉంటే ముందు ఆ పని చూడు, మిగతావన్నీ తర్వాత. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది, పాతదైనా కొత్తదైనా రిజిస్టర్‌లో పేరే మన పునాది.

స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు గురించి వినే ఉంటావు, 1998లో సుప్రీంకోర్టు తీర్పు. టైఫాయిడ్‌తో అడ్మిట్ చేసిన పిల్లాడికి డాక్టర్ రాసింది క్లోరోమైసెటిన్, నర్సు తెప్పించి ఐవీ ఇచ్చింది లారియాగో, అంటే క్లోరోక్విన్. పిల్లాడికి అక్కడికక్కడే గుండె ఆగింది, బతికించారు గానీ మెదడు దెబ్బతిని మంచానికే పరిమితమయ్యాడు. విచారణలో తేలిందేంటంటే ఆ నర్సు ఏ కౌన్సిల్లోనూ రిజిస్టర్ కాలేదు, డాక్టర్ తను చూసుకోవాల్సిన పని ఆ అమ్మాయికి వదిలేశాడు. పిల్లాడికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకి 5 లక్షలు పరిహారం, హాస్పిటల్ తప్పించుకోలేకపోయింది, తన దగ్గర పనిచేసేవాళ్ల నిర్లక్ష్యానికి హాస్పిటల్‌దే బాధ్యత అన్నారు. ఈ కేసుని మా కొత్త సిస్టర్లందరికీ చెప్తా, ఎందుకంటే మందు పేరు సరిపోల్చుకోవడానికి పట్టేది పది సెకన్లు.

డబ్బు కేసుల్లో హాస్పిటల్ ముందుంటుంది, నిజమే. క్రిమినల్ అలా కాదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ 304ఎ పోయి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ వచ్చింది కదా, పాతదాంట్లో నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఎవరికైనా రెండేళ్ల దాకా శిక్ష, కొత్తదాంట్లో అయిదేళ్ల దాకా. వైద్యం చేస్తూ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వల్ల జరిగితే మాత్రం రెండేళ్ల దాకా, ఆ మాటకి అర్థం మెడికల్ రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్ అని అక్కడే వివరణ రాశారు. మన పేరు ఉండేది నర్సింగ్ రిజిస్టర్‌లో. అంటే ఒకే మంచం దగ్గర ఒకే పొరపాటుకి రాసినాయనకి రెండు, ఇచ్చినామెకి అయిదు అయ్యే వీలుంది. ఇది నాకు చాలా బాధగా ఉంది, మన సంఘాలు దీని మీద గట్టిగా అడగాలి. అలాగని ప్రతి పొరపాటూ జైలుకి వెళ్లదు, 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, పెద్ద నిర్లక్ష్యం ఉండాలి అంది. ఆ పని మామూలుగా వచ్చిన మనిషి చేసినట్టు నువ్వు చేశావా అనేదే చూస్తారు, నువ్వు చేశావు అని చూపించేది కేస్ షీట్ ఒక్కటే.

ఆ కేస్ షీట్ విషయంలో నేను తప్పు చేశాను. ఫిట్స్‌తో వచ్చిన ఒకామెకి ఫెనిటాయిన్ ఎన్ఎస్‌లో పెట్టాం (డెక్స్‌ట్రోజ్‌లో పెట్టకూడదు, గడ్డకట్టినట్టు తెల్లగా అయిపోతుంది), నాలుగింటికి చూస్తే లైన్ అవుట్ అయింది, అంటే మందు నరం బయటికి పోతోంది, చెయ్యి వాచి చల్లగా ఉంది. వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పి చెయ్యి ఎత్తులో పెట్టా. కానీ అప్పుడే ఇంకో అడ్మిషన్ వచ్చింది, రాయడం మర్చిపోయా. మూడో రోజుకి తోలు నల్లబడింది, వాళ్ల అబ్బాయి వచ్చి రాత్రంతా మా అమ్మని ఎవరూ చూడలేదు అన్నాడు. చూశానని నేనంటున్నా, షీట్ తెరిస్తే రెండింటి నుంచి ఆరింటి దాకా తెల్ల కాగితం. అతన్ని తప్పు పట్టలేను, ఆ కాగితం చూస్తే ఎవరైనా అదే అంటారు. ఆ రోజు నుంచి లైన్ చూసిన ప్రతిసారీ టైము, వాపు ఉందా, నొప్పి ఉందా, ఏం చేశాను, ఎవరికి చెప్పాను అని అక్కడే నిలబడి రాస్తా, తర్వాత గుర్తొస్తే తర్వాత రాశానని ఆ టైము వేసి రాస్తా, పాత టైము వేసి మధ్యలో ఇరికించను. మా దగ్గర పనిచేసి యూకే వెళ్లిన అమ్మాయి చెప్తుంది, అక్కడ రిజిస్ట్రేషన్ వచ్చినా సరే ఐవీ కాంపిటెన్సీ విడిగా సైన్ ఆఫ్ అయ్యేదాకా ఇంజెక్షన్ ముట్టనివ్వరంట. మన దగ్గర అది లేదు కాబట్టి రానిదాన్ని రాదు అని నువ్వే చెప్పాలి, మొదటిసారి చేసేటప్పుడు పక్కన ఒకరిని నిలబెట్టుకోవాలి.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ రేపో మాపో ఎదురవుతుంది. ఊళ్లో తెలిసినవాళ్లు "నీరసంగా ఉందమ్మా, ఒక బాటిల్ ఎక్కించు" అంటారు, మెడికల్ షాపులో మోనోసెఫ్ (యాంటీబయాటిక్ ఇంజెక్షన్) కొనుక్కొచ్చి ఇమ్మంటారు. మా పిన్నికి కూడా నేను ఇవ్వలేదు, ఏడాది మాట్లాడలేదు. ఆర్డర్ లేదు, రియాక్షన్ వస్తే అడ్రినలిన్ లేదు, ఆక్సిజన్ లేదు, అక్కడ నువ్వు నర్సువి కూడా కాదు, అనుమతి లేకుండా వైద్యం చేసిన మనిషివి.

ఫోన్ ఆర్డర్ మాటకొస్తే, ఎమర్జెన్సీలో తీసుకోవచ్చు, వద్దనను. మందు, డోసు, ఏ దారిలో, ఎందులో కలిపి, ఎంతసేపట్లో, అన్నీ అడుగు, తిరిగి చదివి వినిపించు, రాసుకో, పొద్దున సంతకం పెట్టించు. కేసీఎల్, ఇన్సులిన్, హెపారిన్ లాంటివైతే ఇంకో సిస్టర్‌ని పిలిచి ఇద్దరూ చూసి ఇద్దరూ సంతకం పెట్టండి, ఎవరూ లేకపోతే డాక్టర్‌ని వార్డుకి రమ్మను, విసుక్కున్నా సరే. మేం ఒక లాంగ్ నోట్‌బుక్‌కి గీతలు కొట్టి పెట్టుకున్నాం, తేదీ, టైము, పేషెంట్ ఐపీ (అడ్మిషన్) నంబర్, డాక్టర్ చెప్పింది, తిరిగి వినిపించానా, విన్న సిస్టర్, డాక్టర్ సంతకం. మీ వార్డులో అలాంటిది లేకపోతే రేపు నైట్‌కి వెళ్లేటప్పుడు ఒక నోట్‌బుక్ కొనుక్కెళ్లు, మొదటి పేజీ నువ్వే గీసెయ్యి.