తోలు బూట్లు కొన్నావటగా, చిన్నోడా

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

మొదటి జీతంతో తోలు బూట్లు కొన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషమేసింది. 32 ఏళ్లు రైల్వేలో టీసీగా నల్లబూట్ల మీదే నిలబడి బతికినవాణ్ణి కదా, నీ బూట్లు పాడవకముందే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బూట్లనగానే అందరూ పాలిష్ సంగతే అడుగుతారు. నేను మాత్రం ముందు ఆరబెట్టడం గురించి చెబుతాను. నువ్వుండేది విశాఖలో. ఆ ఉక్కకి సాయంత్రమయ్యేసరికి బూటు లోపలంతా చెమటే. విప్పగానే చెయ్యి పెట్టి చూడు, పాదం ఆనే అట్ట చెమ్మగా తగులుతుంది. అది ఆరడానికి ఒక్క రాత్రి చాలదు. అందుకని ఇంకో జత, చౌకదైనా సరే, కొనుక్కుని రోజు మార్చి రోజు వేసుకో.

వానలో తడిస్తే మాత్రం తొందరపడకు. ఉద్యోగంలో చేరిన ఏడాదే విజయవాడలో నా బూట్లు నానిపోయాయి. తెల్లవారుజామున డ్యూటీ. మీ నాన్నమ్మ కుంపటి పక్కన పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే తోలు అప్పడంలా బిగుసుకుపోయింది. తొడుక్కుని నాలుగడుగులు వేశానో లేదో, వేళ్ల దగ్గర మడతపడే చోట అడ్డంగా పగిలింది. తడి తోలుకి వేడి తగిలితే పీచు ముడుచుకుపోతుంది. పగిలాక ఏం పూసినా అతుక్కోదు. పాత కాగితాలు ఉండలు చుట్టి లోపల కుక్కు, తడిసినప్పుడల్లా మార్చు. సోలుకి కూడా గాలి తగిలేలా బూట్లని పక్కకి పడుకోబెట్టి ఫ్యాను కింద ఉంచు. ఎండలో వద్దు.

పాలిష్ పదిహేను రోజులకోసారి చాలు. లేసులు తీసెయ్. తోలు సోలుతో కలిసే గాడిలో దుమ్ము పేరుకుంటుంది, అక్కడ బ్రష్‌తో బాగా దులుపు. పిండిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, పాత బనీను ముక్కతో షూ క్రీమ్ పల్చగా రాయి. తోలుకి మెత్తదనం ఇచ్చేది అదే. దాని మీద డబ్బా పాలిష్. అది ముఖ్యంగా మైనం, మెరుపుకీ నీళ్లు ఆపడానికీ. పది నిమిషాలాగి బ్రష్ కొట్టు. కొబ్బరినూనె ఎవరు చెప్పినా రాయకు, తోలు నల్లబడి దుమ్ము పడుతుంది. స్వేడ్ బూట్లకి, అంటే నూగులాంటి తోలువాటికి, ఇవేవీ పనికిరావు, ఉత్త బ్రష్షే.

లేసు విప్పకుండా మడమ తొక్కి కాలు దూర్చే అలవాటు నీకుంది, నేను చూశాను. వెనకభాగం ఒకసారి నలిగిపోతే మళ్లీ నిలబడదు. మడమ జారడానికి పెట్టే షూహార్న్ లేకపోతే స్టీలు గరిటె కాడ చాలు.

వాడకుండా ఉంచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, బూజు పడుతుంది. గుడ్డసంచిలో పెట్టు. బూజు కనిపిస్తే ఇంట్లో కాకుండా బయటికి తీసుకెళ్లి దులుపు.

ఇక మడమ రబ్బరు. అది పూర్తిగా అరిగి దాని పైనున్న మడమ పొర దాకా రాకముందే, చెప్పులు కుట్టే ఆయన దగ్గర మార్పించు. ఆలస్యమైతే మడమంతా మార్చాల్సొస్తుంది. మనిషి నడక కూడా పక్కకి ఒరుగుతుంది.

దసరాకి ఆ బూట్లే వేసుకుని రా. మడమలు నేనోసారి చూస్తాను. నా గుర్రపు వెంట్రుకల బ్రష్ ఇంకా గట్టిగానే ఉంది, వెళ్లేటప్పుడు తీసుకెళ్దువుగాని.

మీ పెదనాన్న