పిట్టల్ని చూడాలంటే ఇంగ్లీషు పేర్లు రావాలా?

ప్రశ్న: మాది మియాపూర్. వయసు 51. అమీన్‌పూర్ చెరువు దగ్గర ఆదివారం పొద్దున కొత్తవాళ్లని నడిపిస్తూ పక్షుల్ని చూపిస్తారట, వెళ్లమని మా అమ్మాయి గొడవ. నాకు పిచ్చుక, గోరింక, కాకి తప్ప ఏవీ తెలీవు. బైనాక్యులర్స్ లేవు. అందరూ ఇంగ్లీషు పేర్లు చెబుతుంటే బిక్కమొహం వేసుకుని నిలబడాలేమోనని టెన్షన్. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మీకు తెలిసిన ఆ మూడింటితోనే పని మొదలవుతుంది. కొత్త పిట్ట కనిపించగానే మేం ముందు చూసేది అదే: పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కాకంతా? ఆ తర్వాత ముక్కు, తోక, అది చేస్తున్న పని. రంగు చివర్న చూడండి. ఎదురెండలో అన్ని పిట్టలూ నల్లగానే కనిపిస్తాయి.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నోట్‌బుక్‌లో 43 పేర్లు రాసుకున్నాను. నడిపించినాయన పేరు చెప్పడం, ముందుకు కదలడం. ఇంటికొచ్చాక ఐదు పిట్టలు కూడా కళ్ల ముందుకు రాలేదు. ఏడుపొచ్చింది. మరుసటి వారం పేర్లు మానేసి, గట్టు మీద కూర్చుని తెల్లకొంగల్నే చూశాను. అన్నీ ఒకటే అనుకునేదాన్ని. బర్రెల వెంట తిరిగేదాని ముక్కు పసుపు. నీళ్లలో కాలితో బురద కదిపి చేపల్ని పట్టే చిన్నదాని ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పచ్చగా ఉన్నాయి, పేరంటానికి పసుపు రాసుకున్నట్టు. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే నా వెంట వచ్చేవాళ్లకి ఒక పూటకి ఐదు పిట్టలు చాలంటాను.

బైనాక్యులర్స్ ఇప్పుడే కొనకండి. ఒకటి రెండు సార్లు పక్కవాళ్లని అడిగి చూడండి, సంతోషంగా ఇస్తారు. కొనాలనిపిస్తే 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 10 రెట్లవైతే కొత్త చేతుల్లో బొమ్మ వణుకుతుంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఉంటే కూత విని పేరు చెబుతుంది, కానీ అది చెప్పాక మీ కళ్లతో వెతికి సరిచూసుకోండి. కూతలు పైకి వినిపించి పిట్టల్ని పిలవడం మాత్రం వద్దు. ఇంకో పిట్ట తన చోటులోకి వచ్చిందని అవి కంగారుపడతాయి.

ఇక పేర్ల సంగతి. లకుముకి పిట్ట, జెముడుకాకి, గిజిగాడు, వడ్రంగి పిట్ట, పాలపిట్ట: ఇవి పేర్లు కావా? గట్టిగా మన పేరే చెప్పండి, ఇంగ్లీషు పేరు పక్కవాళ్లు చెబుతారు. చిన్నప్పుడు మా ఇంట్లో తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని తలుపులేసేవాళ్లు. అది నేల మీదే, రాళ్ల మధ్య గుడ్లు పెడుతుందని, కుక్కో మనిషో దగ్గరికొస్తే పిల్లల్ని కాపాడుకోవడానికి అలా గోల పెడుతుందని నాకు 40 ఏళ్లు దాటాక తెలిసింది. పాపం, ఒక తల్లి అరుపుకి ఎంత నింద వేశాం!

అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. చలికాలంలో వలస బాతులు కూడా దిగుతాయి. తెల్లవారగానే అక్కడుండండి, ఎర్రచీర కాకుండా ఆకుపచ్చో మట్టిరంగో కట్టుకోండి. గట్టు మీద తీతువు గోల పెడితే మాత్రం ఫొటో కోసం ముందుకెళ్లకండి, వచ్చిన దారినే వెనక్కి నడవండి. గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉండొచ్చు.