కొండవాలులో హోటల్: రాతి తొడుగు, పచ్చని కప్పు వేస్తే ప్రకృతిలో కలిసిపోతుందా?

చెట్లున్న కొండవాలులో ఇరవై గదుల హోటల్ కట్టాలనుకుంటున్నారు. గోడలకు రాతి తొడుగు, పైన మొక్కల కప్పు వేస్తే చుట్టుపక్కలతో కలిసిపోతుందా అని అడిగారు. ఆ రెండింటితోనే కలిసిపోదు. పునాదికి ముగ్గు ఎక్కడ పోస్తారు, బండి దారి ఎటు తీస్తారు, వాన నీటిని ఎటు పోనిస్తారు అన్న మూడింటి దగ్గరే సగానికి పైగా తేలిపోతుంది.

శ్రీలంకలో ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా కట్టిన కందలమ హోటల్‌నే చూడండి. అది కాంక్రీటు ఫ్రేమ్ కట్టడం. దాదాపు కిలోమీటరు పొడవుంటుంది. అయినా దూరం నుంచి కొండలో భాగంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే కొండ మలుపును అనుసరించి సన్నగా సాగుతుంది, పిల్లర్ల మీద నిలబడుతుంది, గోడల ముందు తీగలు అల్లుకోవడానికి చోటు ఉంచుకుంది. అంత పొడవైన కాంక్రీటును కొండలో ఇమిడేలా చేసింది దాని ఆకారం, తీగలు. రాతి తొడుగు కాదు.

మొదటి పని సర్వే. అర మీటరు అంతరంతో కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), ప్రతి పెద్ద చెట్టు స్థానం, బయటికి కనిపించే ప్రతి బండ, వాన నీరు పారే ప్రతి దారీ అందులో ఉండాలి. నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో చెట్టు మాను వ్యాసం కొలిచి, దానికి 12 రెట్ల వ్యాసార్థంతో చెట్టు చుట్టూ వలయం గీయండి. మాను 40 సెంటీమీటర్లుంటే వలయం వ్యాసార్థం 4.8 మీటర్లు. అందులో తవ్వకూడదు, ఇసుక పోయకూడదు, లారీ తిప్పకూడదు. చాలామంది మానుకు గోనెపట్టా చుట్టి చెట్టును కాపాడేశామనుకుంటారు. చెట్టును చంపేది బండి చక్రం. నేల గట్టిపడిపోయి వేళ్లకు గాలి, నీరు అందవు. అదీ వెంటనే తెలియదు, రెండు మూడేళ్ల తర్వాత కొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి కాంట్రాక్టర్ ఉండడు. అందుకే పని మొదలవక ముందే వలయం మీద గట్టి కంచె వేయించండి.

తర్వాత ఎత్తు సంగతి. అనుకున్న భవనం నాలుగు మూలల్లో కప్పు ఎత్తుకు వెదురు గుంజలు పాతి, కొనలకు రంగు గుడ్డ కట్టండి. కింద రోడ్డు మీద నుంచి, ఎదుటి గట్టు మీద నుంచి ఉదయం, సాయంత్రం చూడండి. గుడ్డ వెనక ఆకాశం కనిపిస్తే భవనాన్ని కిందికి దించాలి. వెనక కొండో చెట్లో కనిపిస్తే చాలు. ఏ త్రీడీ బొమ్మా ఇంత నిజం చెప్పదు.

ఇక వాలు. 15 డిగ్రీల వాలులో 9 మీటర్ల లోతున్న గదిని ఒకే మట్టంలో పెడితే, ఎగువ అంచుకూ దిగువ అంచుకూ నేలలో దాదాపు 2.4 మీటర్ల తేడా వస్తుంది. అంత కోత కోస్తే మట్టి జారకుండా ఆపే పెద్ద రిటైనింగ్ గోడ తప్పదు, దూరానికి కనిపించేదీ ఆ గోడే. అదే గదిని రెండు మట్టాలుగా విడదీసి, పడక పైన, కూర్చునే వరండా 1.2 మీటర్లు కింద, మధ్యలో ఏడు మెట్లు పెడితే తవ్వే మట్టి సగానికి తగ్గుతుంది. మెట్లు ఎక్కలేనివారి కోసం దారికి సమమట్టంలో కొన్ని గదులు మొదటి నుంచే కేటాయించండి. ఎక్కడైనా గోడ తప్పకపోతే వెనక 30 సెంటీమీటర్ల మందాన కంకర, గోడలో మీటరున్నరకొకటి చొప్పున నీటి రంధ్రాలు ఉండాలి. ఇలాంటి గోడలు ఎక్కువగా కూలేది మట్టి బరువుకు కాదు, వెనక నిలిచిన నీటి ఒత్తిడికి.

బండ నేల అయితే నార్వేలోని యూవెట్ హోటల్ పద్ధతి ఆలోచించండి. అక్కడ గదులు బండలోకి దించిన 40 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీల మీద నిలుస్తాయి, పేల్చడం లేదు, చదును చేయడం లేదు. కానీ ఇలా పైకెత్తి కట్టేటప్పుడు చాలామంది మరిచేది అడుగు భాగాన్ని. కింద వేలాడే పైపులే అందరికంటే ముందు కనిపిస్తాయి. పైపులన్నీ ఒకే వరుసలోకి తెచ్చి, ఒక మనిషి వంగి నడిచేంత ఎత్తు వదలండి. కప్పు మీది నీటిని భవనం కింది నేలకే కొంత తిరిగి మళ్లించండి, లేకపోతే వాన పడక అక్కడ గడ్డి కూడా మొలవదు, మట్టి కోసుకుపోతుంది.

మొక్కల కప్పు మీకు అంత ఇష్టమైతే వేయండి, కానీ బరువు తడి మట్టికి లెక్కగట్టించండి. 15 సెంటీమీటర్ల తేలికపాటి మిశ్రమమైనా తడిస్తే చదరపు మీటరుకు 200 కిలోల దాకా తూగుతుంది. మామూలు బంకమట్టి అయితే 300 కూడా చేరుతుంది. వాటర్‌ప్రూఫ్ పొర పిట్టగోడ దగ్గర మట్టి మట్టం కంటే 15 సెంటీమీటర్లు పైకి ఎక్కాలి, చాలా లీకులు ఆ మూల నుంచే వస్తాయి. మట్టి పోయకముందు నీరు పోయే గొట్టాలు మూసి, 5 సెంటీమీటర్ల నీరు 48 గంటలు నిలబెట్టి కింద స్లాబు చూడండి. ఈ పరీక్ష ఎగ్గొట్టనివ్వకండి. మొక్కలు నాటాక లీకు వెతకాలంటే తోట మొత్తం తీసేయాల్సి వస్తుంది.

వాడేసిన నీళ్లను మొక్కలు నాటిన కంకర మడిలో శుభ్రం చేయాలనుకుంటే, వంటగది నుంచి వచ్చేదాన్ని వేరుగా పట్టండి. గ్రీజ్ ట్రాప్ (కొవ్వును ఆపే తొట్టి) దాటకుండా అది మొక్కల మడిలోకి వెళ్తే కొవ్వు పేరుకుని కంకర మూసుకుపోతుంది. స్నానాల నీటికి మనిషికి 1 నుంచి 2 చదరపు మీటర్ల మడి, 60 సెంటీమీటర్ల లోతు కంకర, నీటి మట్టం కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందనే ఉండాలి. అప్పుడు దోమలు గుడ్లు పెట్టలేవు. హోటల్ సెలవు రోజుల్లో నిండుగా, మిగతా రోజుల్లో ఖాళీగా ఉంటుంది కాబట్టి, ముందు ఒక నిల్వ ట్యాంకు పెట్టి, ఒకటికి బదులు రెండు మడులు కట్టండి. ఒకటి శుభ్రం చేస్తున్నప్పుడు రెండోది నడుస్తుంది.

రంగు ఎంచుకోవడానికి అక్కడి రాయిని, మట్టిని తడిపి ఒకసారి, ఎండబెట్టి ఒకసారి చూడండి. గోడ రంగు ఎండిన మట్టి కంటే ఒకటి రెండు ఛాయలు ముదురుగా, మెరుపు లేకుండా ఉండాలి. చెట్లలో నీడలు ఎప్పుడూ ఉంటాయి, లేత గోడ వాటి మధ్య తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద అద్దాలకు బయటివైపు 5 సెంటీమీటర్లకొకటి చొప్పున చుక్కలు వేయించండి, పక్షులు అద్దంలో అడవిని చూసి గుద్దుకోకుండా. రాత్రి దీపాలు 2700 కెల్విన్ లోపు (పసుపు ఛాయ వెలుగు), నేల వైపే వెలుగు పడేలా తొడుగుతో, నడక దారికి మోకాలి ఎత్తులో పెడితే సరిపోతుంది. చెట్ల మీదికి ఫోకస్ లైట్లు మాత్రం వద్దు.