లెక్కల మాస్టారు: చీటీల్లో మాయ ఉందా?

ప్రశ్న: మా పొదుపు సంఘంలో 12 మందిమి. ఐదుగురం తెలుగువాళ్ళం, ఏడుగురు ఒడియావాళ్ళు. లెక్కలు చూడ్డానికి ముగ్గురిని చీటీలు తీసి ఎంచితే ముగ్గురూ తెలుగువాళ్ళే వచ్చారు. తీసింది నేనే. అందరూ నన్నే అదోలా చూస్తున్నారు. ఇలా రాకూడదా మాస్టారూ?
– ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: టెన్షన్ పడకమ్మా, రావచ్చు. ఇది సంయోగాల లెక్క, అంటే వరుసతో పనిలేకుండా కొందరిని ఎన్ని విధాలుగా ఎంచవచ్చో చూడడం. 12 మందిలోంచి ముగ్గురి జట్లు ఎన్ని రావచ్చంటే, 12×11×10ని ఆరుతో భాగిస్తే 220. ఆరుతో ఎందుకంటే, అవే మూడు చీటీలు ఆరు వరుసల్లో చేతికి రావచ్చు, జట్టు మాత్రం ఒకటే. మీ ఐదుగురిలోంచి ముగ్గురు రావడానికి 10 విధాలు. సంభావ్యత 220లో 10, అంటే 22లో ఒక వంతు. అరుదే, కానీ వింతేం కాదు. ముగ్గురూ ఒడియావాళ్ళే కావడానికి 35 విధాలున్నాయి. అలా వచ్చినా ఇలాగే గుసగుసలాడేవాళ్ళు లెండి! రెండూ కలిపితే 45. ఎటో ఒకవైపు ముగ్గురూ ఒకే భాషవాళ్ళు కావడం దాదాపు ఐదింట ఒక వంతన్నమాట.

అయితే చీటీలన్నీ ఒకేలా మడిచి, డబ్బా బాగా కుదిపారు కదా? మీవాళ్ళ చీటీలు ఆఖర్న వేసి పైపైనే తీసుంటే ఈ లెక్కేదీ వర్తించదు.