చిన్నదైపోయి తిరిగొచ్చే విండో

ప్రశ్న: నేను సీ ప్లస్ ప్లస్‌లో క్యూటీ 6తో (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాను. మ్యాక్సిమైజ్ చేసిన విండోను మినిమైజ్ చేసి, ట్రే ఐకాన్ నొక్కి మళ్లీ తెరిస్తే అది చిన్న సైజులో వస్తోంది. మ్యాక్సిమైజ్ అయి ఉండగా ప్రోగ్రామ్‌ను మూసేస్తే, మరుసటిసారి విండో తెర నిండా తెరుచుకుంటున్నా, దాని బటన్ మాత్రం ఇంకా మ్యాక్సిమైజ్ కానట్టే చూపిస్తోంది. ఇక లినక్స్‌లో వేలాండ్ (విండోలను తెర మీద చూపించే వ్యవస్థ) మీద, మినిమైజ్ అయినప్పుడు నడవాల్సిన కోడ్ అసలు నడవడమే లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మూడింటిలో మొదటి రెండూ మీ కోడ్‌లోనివే. మూడోది మీ తప్పు కాదు.

ట్రే ఐకాన్ నొక్కినప్పుడు మీరు షోనార్మల్ అనే ఫంక్షన్‌ను పిలుస్తున్నారని అనుకుంటున్నాను. చాలామంది అదే చేస్తారు, ఎందుకంటే ఆ పేరు వింటే ‘మునుపటిలా చూపించు’ అన్నట్టే ఉంటుంది. నిజానికి అది మినిమైజ్‌తో పాటు మ్యాక్సిమైజ్‌ను, ఫుల్‌స్క్రీన్‌ను కూడా తుడిచేస్తుంది. క్యూటీలో విండో స్థితి ఒకే విలువ కాదు, బిట్ల కలయిక: మినిమైజ్‌కు 1, మ్యాక్సిమైజ్‌కు 2, ఫుల్‌స్క్రీన్‌కు 4. మ్యాక్సిమైజ్ అయి ఉండి కిందికి దిగిన విండోలో 1, 2 రెండూ కలిసి 3 అవుతుంది. మీరు తీయవలసింది అందులోని 1ని మాత్రమే. ప్రస్తుత స్థితిని తీసుకుని, ఆ బిట్‌ను తొలగించి, మిగిలినదాన్ని సెట్‌విండోస్టేట్‌కు ఇచ్చి, ఆ తర్వాత యాక్టివేట్‌విండోను పిలవండి. విండోను హైడ్ చేసి ఉంటే షో కూడా పిలవాలి. ఇదే కారణంగా, మినిమైజ్ అయిందో లేదో చూసేటప్పుడు స్థితి 1కి సమానమా అని అడగకండి. 3 ఉన్న చోట ఆ పరీక్ష తప్పుతుంది. ఆ బిట్ ఉందా అని మాత్రమే చూడాలి.

రెండో చిక్కు జామెట్రీని, అంటే విండో స్థానాన్ని, కొలతలను, దాచుకోవడంలో ఉంది. మీరు దాస్తున్నది మ్యాక్సిమైజ్ అయిన కొలతలను; మరుసటిసారి వాటినే మామూలు విండోకు తొడుగుతున్నారు. అసలు కొలతలు నార్మల్‌జామెట్రీలో ఉంటాయి. అంతకన్నా తేలిక, క్లోజ్‌ఈవెంట్‌లో సేవ్‌జామెట్రీని, తెరిచేటప్పుడు రిస్టోర్‌జామెట్రీని వాడటం. అది స్థితిని కూడా గుర్తుంచుకుంటుంది, దాచిన చోటు తెర బయట పడితే విండోను లోపలికి జరుపుతుంది. ఈ పని సొంతంగా చేయబోయి, మినిమైజ్ అయిన విండో ఎక్కడుందని నేరుగా విండోస్‌ను అడిగినవారికి -32000 అనే స్థానం జవాబుగా వస్తుంది. దాన్నే దాచుకుంటే మర్నాడు విండో ఎక్కడా కనిపించదు.

వేలాండ్ సంగతి వేరు. మ్యాక్సిమైజ్ అయిందని, ఫుల్‌స్క్రీన్ అయిందని కంపోజిటర్ (అక్కడ విండోలను తెర మీద అమర్చేది) మీ ప్రోగ్రామ్‌కు చెబుతుంది. మినిమైజ్ అయిందని చెప్పే మాట మాత్రం వేలాండ్ ప్రోటోకాల్‌లో, అంటే ఆ రెండూ మాట్లాడుకునే నియమాల్లో, లేదు. కాబట్టి ఫైల్‌ను సేవ్ చేయడం వంటి ముఖ్యమైన పనిని మినిమైజ్‌కు ముడిపెట్టకుండా, విండో ఫోకస్ కోల్పోయినప్పుడు చేయండి.

ఒక్క జాగ్రత్త మూడు చోట్లా అవసరం. సెట్‌విండోస్టేట్ ఆజ్ఞ కాదు, విన్నపం. ఎక్స్11లో (లినక్స్‌లో వేలాండ్ కన్నా పాత తెర వ్యవస్థ) దాన్ని మన్నించాలో లేదో విండో మేనేజర్ నిర్ణయిస్తుంది. మ్యాక్‌లో ఫుల్‌స్క్రీన్ యానిమేషన్‌తో జరుగుతుంది గనుక కొంత సమయం పడుతుంది. అందువల్ల కోడ్‌లో ఆ తర్వాతి లైన్‌లోనే కొత్త సైజును చదవకండి. చేంజ్‌ఈవెంట్ వచ్చేదాకా ఆగి, అది విండోస్టేట్‌చేంజ్ రకమేనని చూసుకుని (ఫాంట్ మారినా, భాష మారినా అదే ఫంక్షన్‌కు కబురు వస్తుంది), ఓల్డ్‌స్టేట్‌తో పోల్చి చూడండి. రీసైజ్‌ఈవెంట్ దీనికంటే ముందు రావచ్చు, తర్వాతా రావచ్చు. ఆ వరుసను నమ్ముకుని ఏ కోడూ రాయకండి.