అల్లుడూ, బొమ్మ రైలుకి రేక్ మొత్తం కొనబాకు, ముందు ఒక్క డంప్ కారు చెయ్యి

అల్లుడూ,

నీ మెసేజ్ రాత్రి చూశా, పడుకునేదానికి ముందు రెండుసార్లు చదివా. ఒంగోల్లో ఇంటి వరండాలో పన్నెండడుగుల టేబుల్ వేయించావని, దాని మీద బొమ్మ రైలుకి బాక్స్ఎన్ వ్యాగన్లు, అదే పైన తెరిచుండే గూడ్సు పెట్టెలు, ఒక యాభై కొని బైలదిల్లా నుంచి వైజాగ్‌కి ఓర్, అంటే ఇనప ఖనిజం, వస్తున్నట్టు నడపాలనుందని రాశావు. ఒక్క రూపాయి తియ్యకముందే ఈ లెక్క చూడు. అసలు బాక్స్ఎన్ ఒక్కోటి 10.7 మీటర్ల పొడుగు, నీ బొమ్మల సైజు హెచ్ఓ అంటే అందులో 87వ వంతు, అంటే 12 సెంటీమీటర్ల పైన, అసలు బండి లాగా 58 వ్యాగన్ల రేక్, అంటే పూర్తి గూడ్సు బండి, కడితే ఏడు మీటర్లు దాటుద్ది, నీ టేబుల్ ఆ చివర నుంచి ఈ చివరకి కొలిస్తే మూడున్నర మీటర్లకి కాస్త ఎక్కువ. ఇంజన్ పోయి దాని గార్డు వ్యాన్‌నే గుద్దుకుంటది. పది వ్యాగన్లు కట్టి రేక్ అనుకోవచ్చు, చాలామంది అట్టే చేస్తారు, కానీ నీకు నెల రోజుల్లో విసుగొచ్చేస్తది, నువ్వు చిన్నప్పటి నుంచి నాకు తెలుసు గదా.

అదే స్టీల్ ప్లాంట్ లోపల తిరిగే బండి చూడు. ఒక డీజిల్ షంటర్, అంటే చిన్న ఇంజన్, వెనక మూడో నాలుగో లేడిళ్ళు, కరిగిన ఇనుము మోసే పెద్ద గిన్నె బండ్లు, అంతే, అదే పూర్తి బండి. దాన్ని కుదించే పని లేదు, నీ టేబుల్ మీద నిజంగా ఎంతుంటదో అంతే ఉంటది. స్పీడ్ కూడా మనిషి నడిచినంత, అందుకని పన్నెండడుగులు దాటేదానికి దానికి చాలా టైమ్ పడుద్ది, చిన్న జాగా కూడా పెద్దగా అనిపిస్తది. అందుకే నేను చెప్పేది, మెయిన్ లైన్ పెట్టబాకు, ఇనుము కరిగించే ఫర్నేస్ పెట్టు.

నేను బిట్రగుంటలో స్టీమ్ షెడ్ పొగ పీల్చి పెరిగినోణ్ణి, తర్వాత ముప్పై ఏళ్ళు వైజాగ్ స్టీల్ ట్రాఫిక్‌లో చేశా, రెండూ చూశా కాబట్టి చెప్తుండా. రైల్వేలో బండి టైమ్ టేబుల్ చూసుకోని కదులుద్ది. ప్లాంట్‌లో బండిని కదిలించేది ఫర్నేసే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మా ఫర్నేసుల పేర్లు అవి, ఒక్కోటి రోజుకి చాలా సార్లు ట్యాప్ అవుద్ది, అంటే కన్నం తెరిచి కరిగిన ఇనుము వదులుతారు, ట్యాప్ అయ్యే టైమ్‌కి కింద ఖాళీ లేడిల్ లేదంటే ఇంక అంతే, 1400 డిగ్రీల పైన ఉండే కరిగిన ఇనుము నీ కోసం ఆగదు. నిండిన లేడిల్ కూడా దారిలో ఆగకూడదు, ఆగేకొద్దీ లోపల గోడలకి ఇనుము గడ్డకట్టుద్ది, దాన్ని స్కల్ అంటాం, అది గీకాలంటే మళ్ళా పెద్ద పని. ఎస్ఎంఎస్, అదే ఇనుముని స్టీలు చేసే షాపు, వాళ్ళు ఇప్పుడు తీసుకోలేం అంటే దాన్ని దిమ్మలుగా పోసే పిగ్ కాస్టింగ్ మెషిన్‌కి తిప్పాలి. ఇదంతా నీ టేబుల్ మీద ఆడొచ్చు, అర్థమైందా, ఒక గడియారం పెట్టుకోని ఇరవై నిమిషాలకోసారి ట్యాపింగ్ అనుకో, ఒక ట్రాక్ హాట్ మెటల్‌కి, అంటే కరిగిన ఇనుముకి, ఒక ట్రాక్ స్లాగ్‌కి, అదే ఇనుముతో పాటు వచ్చే మడ్డికి, ఇంకోటి ఖాళీలు తిరిగొచ్చేదానికి, బండి పట్టాలు మారే మూడు పాయింట్లతో సాయంత్రం అంతా చేతినిండా పని ఉంటది.

ఇప్పుడు డంప్ కారు, అంటే లోడు తానే కుమ్మరించే వ్యాగన్, సంగతి, ఇది కాస్త వివరంగా రాస్తా. మన దేశంలో ఓర్, బొగ్గు వచ్చే వ్యాగన్లని ఎక్కువగా టిప్లర్ అనే మెషిన్‌లో పెట్టి వ్యాగన్‌ని మొత్తంగా తిప్పేస్తారు, లేదంటే బీఓబీఆర్ వ్యాగన్ లాగా అడుగున తలుపులు తెరుచుకుంటయ్, థర్మల్ స్టేషన్లకి బొగ్గు తెచ్చేవి అవే. సైడ్ డంప్ అనేది వేరే రకం, బాడీ ఒక పక్కకి లేస్తది, అటు పక్క తలుపు దానంతటదే కిందికి వాలుద్ది, లేపేది గాలి సిలిండర్లు. బొమ్మల్లో కూడా ఇది కొత్త కాదు, అమెరికాలో లయనెల్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే బటన్ నొక్కితే కుమ్మరించే కారు అమ్మారు. వాల్తర్స్ అనే బొమ్మ రైళ్ళ కంపెనీ వాళ్ళు హెచ్ఓలో బ్లాస్ట్ ఫర్నేస్ కిట్టు, హాట్ మెటల్ కారు, స్లాగ్ కారు కూడా తెచ్చారు. కానీ అయ్యి ఇక్కడికి తెప్పించుకునే ఖర్చుకి నువ్వు సొంతంగా నాలుగు చేసుకోవచ్చు.

సర్వో ఎస్‌జీ90 తీసుకో, చెప్పినంత కోణం తిరిగి ఆగే చిన్న మోటార్ అది, తొమ్మిది గ్రాములు, చవక. దాన్ని కారులో పెట్టబాకు, టేబుల్ కింద బిగించు, ఒక సన్నటి ఇనప తీగ రెండు స్లీపర్ల మధ్య నుంచి పైకొచ్చి బాడీ అంచుని నెట్టాల. కారు ఆ జాగాకి వచ్చి ఆగినప్పుడే కుమ్మరిస్తది, అసలు పద్ధతి కూడా అదే. దాన్ని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డ్యూనోలో ఒక్కసారిగా లేపబాకు, ఒక్కో డిగ్రీ చొప్పున లేపు, మూడు నాలుగు సెకన్లు పట్టాల. ఎంత ఎత్తాలో నన్నడగబాకు, నువ్వు లోడుగా నింపే గుల్లని, అదే రాతి గింజల్ని, అడుగు. ఒక స్టీల్ ప్లేట్ మీద గుప్పెడు పోసి నిదానంగా వంచు, యాడ జారడం మొదలైందో చూడు, దానికి ఇంకో పది డిగ్రీలు కలుపు. నాకు 45 దాటితేనే మొత్తం ఖాళీ అయింది.

గుల్ల కోసం నువ్వు ఆన్‌లైన్ వెతకబాకు. మీ పక్కనే చీమకుర్తి ఉంది, గెలాక్సీ గ్రానైట్ కోసే యూనిట్ల దగ్గర నల్ల పొడి, చిన్న ముక్కలు గుట్టలు గుట్టలు పడుంటయ్, వాళ్ళని ఒక మాట అడుగు, ఇస్తారు. తెచ్చి నీళ్ళలో కడుగు, పిండి లాంటి పొడి అంతా పోవాల, ఎండబెట్టి టీ జల్లెడతో జల్లించు, పైన నిలిచిన గింజలే వాడు. పొడి ఉంచావంటే మన సముద్రం గాలికి తేమ పట్టి బాడీకి అతుక్కుంటది. అతుక్కుంటే ఏమవుద్దో నేను కళ్ళారా చూశా, ఒక క్వారీ సైడింగ్‌లో, వానాకాలం, తడి లోడు జారకుండా బాడీలోనే ఒక పక్కకి ఉండిపోయింది, బాడీ లేస్తానే ఉంది, బరువంతా ఆ పక్కకే, వ్యాగన్ మొత్తంగా పడిపోయింది. దేవుడి దయ, అటు పక్క మనుషులు లేరు. అందుకే డంప్ చేసే చోట ట్రాక్ తిన్నగా, లెవల్‌గా ఉండాల, వంపు మీద ఎప్పుడూ పెట్టబాకు. ఇనప రజను మాత్రం అస్సలు నింపబాకు, చూసేదానికి ఓర్ లాగానే ఉంటది గానీ లోకో మోటార్‌లో అయస్కాంతం ఉంటది, లాక్కోని లోపల పట్టేస్తది, మోటార్ పోతుంది.

బరువు. హెచ్ఓలో ఎన్ఎంఆర్ఏ, అంటే అమెరికాలో బొమ్మ రైళ్ళ సంఘం, వాళ్ళ లెక్క ఒక ఔన్స్, దాని మీద ప్రతి అంగుళానికి అర ఔన్స్, అంటే అయిదు అంగుళాల కారుకి దాదాపు 100 గ్రాములు. ఖాళీ కారుకే ఆ బరువుండాల, అదీ కింద ఫ్రేమ్‌లో ఉండాల. నేను జువ్వలదిన్నెలో వలకి కట్టే సీసం గుళ్ళు తెచ్చి సుత్తితో చదును చేసి అడుగున అతికించా, బ్రహ్మాండంగా ఉంది. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో, పిల్లోడు అక్కడే తిరుగుతుంటాడు, జాగ్రత్త.

లేడిళ్ళకి అందరూ లోపల ఎర్ర బల్బు పెడతారు, అది తప్పు. ఫర్నేస్ దగ్గర పడేటప్పుడు హాట్ మెటల్ దాదాపు తెల్లటి పసుపు, చూడలేం, కాసేపటికి నారింజ, ఇంకా చల్లారితేనే ఎరుపు. వార్మ్ వైట్ ఎల్ఈడీ మీద పల్చటి నారింజ కాగితం వెయ్యి, చాలు. స్లాగ్ ఇనుము మీద తేలుద్ది, బరువులో ఇనుములో సగం కూడా ఉండదు, పైన నల్లటి పొర కట్టి పగుళ్ళలో మాత్రం ఎర్రగా కనపడుద్ది, స్లాగ్ పాట్ మీద నలుపు వేసి సూదితో గీతలు గీసి కింద నుంచి లైటు పెడితే అచ్చం అట్టనే వస్తది. ఇంకోటి, ఎవురూ చెయ్యరు ఇది, హాట్ మెటల్ పోసేటప్పుడు గాల్లో మెరుపులు ఎగురుతయ్, అది గ్రాఫైట్, కిష్ అంటారు. మా చొక్కా కాలర్ల మీద, లోకో కిటికీ అంచుల మీద సాయంత్రానికి మెరిసేది, ఇంటికొచ్చి దులిపితే మీ అత్త తిట్టేది. 6బీ పెన్సిల్ ముల్లు అరగదీసి ఆ పొడి చిన్న బ్రష్‌తో లోకో మీద, లేడిల్ ట్రాక్ పక్కన అద్దు, తుడిచీ తుడవనట్టు. అది వేసిన రోజు నా షంటర్ నిజంగా ప్లాంట్ నుంచి వచ్చినట్టు అనిపించింది, కాసేపు చూస్తా కూర్చున్నా.

ట్రాక్ నికెల్ సిల్వర్‌దే కొను, మన ఉప్పు గాలికి ఇనప రైలు నెలలో తుప్పు పట్టుద్ది. ఎండాకాలంలో వరండాకి పడమటి ఎండ కొడతది గాబట్టి రైలు ముక్కల మధ్య కార్డు ముక్క పట్టేంత సందు ఉంచు.

లోకో ఇప్పుడే కొనబాకు. ముందు ఒక్క డంప్ కారు చేసి చేత్తో తోసి, ఇరవై సార్లు కుమ్మరించు, ఇరవైకి ఇరవై సార్లు ఖాళీ అయితే అప్పుడు రెండోది. దసరాకి అక్కని తీసుకోని బిట్రగుంట రండి, నా మూడు లేడిళ్ళు, షంటర్ తీసి పెడతా, నీ కారు వెనక కట్టి చూద్దాం. వచ్చేటప్పుడు జల్లించిన నల్ల గుల్ల రెండు కేజీలు తీసుకురా, నాది అయిపోవచ్చింది.

నీ మామ